ఏడో తెప్ప మీదికి నీటావు

నమోదు 61

పొద్దున్నే తూకం అయింది. నేను ఎనభై ఎనిమిది కిలోలు. తెప్ప మీద మనిషికి హద్దు డెబ్బై.

తూకం అధికారి తాతారావు ముల్లు చూసి, తల ఎత్తకుండానే అన్నాడు. "డాక్టరుగారూ, ఇది రెండోసారి. వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే మిమ్మల్ని మెట్టకి పంపించాలి. నాకు వేరే దారి లేదు."

"నాకూ వేరే ఒళ్ళు లేదు" అన్నాను.

అతను నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు. మా అమ్మ ఒళ్ళు ఇదే, అమ్మమ్మ ఒళ్ళూ ఇదే. తరతరాలుగా వలలు లాగిన భుజాలు. తిండి సగానికి సగం తగ్గించి చూశాను. కళ్ళు తిరిగి పడ్డాను గాని ముల్లు కదల్లేదు. ఈ భుజాలు కోసి పక్కన పెడితే తప్ప హద్దులోకి రాను.

నా భర్త కూర్మారావు యాభై ఒక్క కిలోలు. తెప్పల లంగరు తాళ్ళు చూసే గజఈతగాడు, ఒంటి మీద ఎంత వెతికినా పిడికెడు కండ ఉండదు. ఇద్దర్నీ కలిపి తూచి సగం చేస్తే హద్దులోనే ఉంటాం. ఆ మాట కిందటి నెలే అడిగాను. ఊరి సంఘం ఒప్పుకోలేదు. ఈ తెప్పల ఊరు తేలూరులో ఎవరి బరువు వాళ్ళదే. మెట్టకి నా ఒక్కదాని పేరే రాస్తారు.

మధ్యాహ్నం దాకా పశువుల ఆసుపత్రి పని. బాతులకి పురుగుల మందు వేశాను. మంచినీళ్ళు తీసే యంత్రంలో ఉప్పు గీకాను. కూర్మారావు నీళ్ళలోంచి పైకొచ్చి, ముఖానికున్న అద్దం తియ్యకుండానే పిలిచాడు.

"ఓలె మరిడీ, బేగి రా. పిల్లతల్లి నీటావు పక్కకి ఒరిగిపోయి తేల్తంది. ములగలేకపోతంది."

నమోదు 62

పడవలో వెళ్ళి చూశాను. మునిగిపోయిన ఉద్దానం మీద, కొబ్బరి మొద్దుల మధ్య గడ్డి ఒత్తుగా పెరిగిన చోట ఉంది. ఈ గడ్డి వచ్చాకే ఈ జంతువులూ వచ్చాయి. పుస్తకాల్లో డుగాంగ్ అని రాస్తారు. ఇక్కడ ఎవరూ అలా అనరు. గడ్డి మేస్తుంది, పిల్లకి పాలిస్తుంది, ఊపిరి కోసం పైకొస్తుంది కాబట్టి నీటావు.

టేపు పట్టి కొలిచాను. మూతి నుంచి తోక చీలిక దాకా రెండు మీటర్ల ఎనభై సెంటీమీటర్లు. ముందు రెక్కల వెనక చుట్టుకొలత కూడా తీసుకుని లెక్క కడితే మూడువందల ఎనభై కిలోలు తేలింది. నిండుగా ఎదిగిన ఆడది. దంతాలు బయటికి రాలేదు. రెక్కలకి గోళ్ళు లేవు గాని, తడిమితే లోపల మన చేతిలాగే అయిదు వేళ్ళ ఎముకలు తెలుస్తాయి. తోక మాత్రం తిమింగలానిది, రెండుగా చీలి అర్ధచంద్రంలా.

ఎడమ వీపు మీద మూడు గాట్లు, ఒకదాని పక్కన ఒకటి. పడవ పంకా రెక్కలు తెగేసిన గాట్లు. ఈ గడ్డి మీదుగా పోయేది సంఘం సరుకు పడవ ఒక్కటే. గాట్ల లోతు చూస్తే చర్మం దాటి పెద్దగా పోలేదు. దాని చర్మం నా వేలంత మందం. కాని ఆ దెబ్బకి లోపల ఒక పక్కటెముక విరిగి ఊపిరితిత్తికి గుచ్చుకున్నట్టుంది.

ఎందుకలా అనుకుంటున్నానంటే, వీపు మీద వేళ్ళతో కొట్టి చూశాను. కుడి వైపు దిబ్‌దిబ్‌మంది. ఎడమ వైపు ఖాళీ కుండలా మోగింది. నీటావు ఊపిరితిత్తులు మనలా రొమ్ములో ఇరుక్కుని ఉండవు. మెడ దగ్గర మొదలై వెన్ను పొడుగునా దాదాపు నడుము దాకా పరుచుకుంటాయి. వాటి కింద మైళ్ళ కొద్దీ ఉన్నాయా అనిపించే పేగులు. పక్కటెముకలు లోపల మూలుగన్నదే లేకుండా రాళ్ళలా ఉంటాయి. పైన గాలి, చుట్టూ ఎముకల బరువు సరిగ్గా సరిపోతే ఆ శరీరం అడుగుకి దిగి, ఒరగకుండా నిలబడి గడ్డి మేస్తుంది. ఇప్పుడు ఎడమ ఊపిరితిత్తిలోంచి కారిన గాలి బయటికి పోలేక రొమ్ము గోడకీ ఊపిరితిత్తికీ మధ్య నిండిపోతోంది. అందుకే ఆ వైపు తేలిపోతోంది. ఎన్ని రాళ్ళెముకలున్నా దిగలేదు.

దిగకపోతే మేత లేదు. దాని పై పెదవి కిందికి తిరిగి, చేటంత వెడల్పుగా, బిరుసు మీసాలతో ఉంటుంది. నేల మీది గడ్డిని వేళ్ళతో సహా పెళ్ళగించడానికే ఆ మూతి. నీటి పైన దానికి ఏ పనీ లేదు.

పిల్ల మీటరు పొడవుంటుంది. తల్లి కుడి రెక్క కింద, చంకలో, పాలు తాగుతోంది. ఎడమ చంక గాలిలో ఉంది.

నమోదు 63

ఆ గాలి తియ్యడానికి నీళ్ళలోనే సూది వేద్దామని చూశాను. కూర్మారావు తల దగ్గర, నేను వీపు దగ్గర. వెన్నుకి ఆనుకుని, రెండు ఎముకల మధ్య సందులోకి సూది దించాలి. ఆ సందు నా చిటికెన వేలు పట్టేంత. సూది తగలగానే అది తోక విదిలించింది. పడవ ఒక పక్కకి, నేను ఒక పక్కకి ఎగిరిపడ్డాం. సూది వంగిపోయింది. రెండోసారి సగం దిగి విరిగింది. విరిగిన ముక్కని వెతికి బయటికి తీశాను.

"నీళ్ళలో దానికున్న బలం మనకి నేదు" అన్నాడు కూర్మారావు. "గట్టు మీదుంటే మనదే పైచెయ్యి."

తేలూరుకి గట్టు ఎక్కడిది? తెప్ప ఒక్కటే దిక్కు.

నమోదు 64

వీపు తోలు ఎండకి బొబ్బలెక్కింది. సముద్రపు కాకులు గాట్ల మీద వాలుతున్నాయి. ఒక మనిషిని తెడ్డుతో కాపలా పెట్టాను. పిల్ల పాలు లాగి లాగి వదిలేస్తోంది. తల్లి మేయక పాలు తగ్గుతున్నాయి.

సంఘానికి అర్జీ పంపాను. పడవల్ని పైకి లాగే కప్పీతో నీటావుని ఏడో తెప్ప మీదికి, అంటే ఆసుపత్రి తెప్ప మీదికి ఎత్తి, వైద్యం చేసి దించుతానని. జవాబు తాతారావే తెచ్చాడు.

"కుదరదన్నారు. మేకని మించిన జంతువేదీ తెప్పెక్కకూడదు, అది పాత నియమమే. చంపేసి మాంసం తెప్పకింత అని పంచమన్నారు. సూది మందు వెయ్యొద్దట, మాంసం పాడవుతుందని."

"అది బతికే జంతువు తాతారావుగారూ. గాలి తీసేస్తే బతుకుతుంది."

"నేను కాదన్లేదు. మీరు చెప్పింది నాకు అర్థమైంది. మీకు అర్థం కానిది నేను చెప్పనా?" అతని గొంతు పెరగలేదు. "తొమ్మిదో తెప్ప ఒరిగినప్పుడు మా అమ్మ దాని మీదే ఉంది. పెళ్ళిభోజనానికి నలభై మంది ఎక్కువెక్కారు. అందరూ మనవాళ్ళే, ఎవర్ని దిగమంటామని ఊరుకున్నారు. అప్పటికి ఎర్రగీత లేదు, తూకం లేదు. నేను ఈ ఉద్యోగంలోకి వచ్చింది అందుకు. మీ నీటావు బరువు ఆరుగురు మనుషుల బరువు. ఏ ఆరుగుర్ని ముంచుదాం?"

ఎర్రగీత ఎందుకుందో నాకు తెలుసు. ప్రతి తెప్ప పక్కనా నీటికి కొంచెం పైన ఆ గీత ఉంటుంది. నీళ్ళు గీతని తాకితే గంట కొడతారు. దాన్ని ఎగతాళి చేసే మనిషిని కాను.

అప్పుడు పక్కింటి దుర్గులు పెద్దమ్మ తన గుడిసెలోంచి బయటికొచ్చింది. మా మాటలన్నీ వింటూనే ఉంది. తేలూరులో గోడలు తాటాకంత మందమే.

"ముంచడమేటి బాబూ? ఆరుగురం దిగుతాం. పడవల్లో కూకుంటాం. అది లెగిసి దిగిపోయాక మల్లా ఎక్కుతాం. దానికి అంత సదువేల?"

"నియమం ఒప్పుకోదు, పెద్దమ్మా."

"నియమం ఒప్పుకోపోతే నియమాన్ని ఎక్కించకు. నీటావుని ఎక్కించు."

తాతారావు నావైపు తిరిగాడు. "డాక్టరుగారూ, మీకు ఒక్క తూకమే మిగిలి ఉంది. ఈ పని చేస్తే అది కూడా అక్కర్లేదు, నేరుగా మెట్టకే రాస్తారు. ఆలోచించుకోండి."

ఆలోచించుకున్నాను. మెట్ట అంటే కొండ కొమ్మున రాళ్ళు కొట్టే శిబిరం. అక్కడ పశువులు లేవు, నాకు పని లేదు. కూర్మారావు నాతో వచ్చేస్తానంటాడు. నీళ్ళు లేని చోట ఆయన ఆరు నెలలు బతకడు. ఇదంతా ఆలోచించాను. కాని ఆలోచిస్తూనే గోడకి చుట్టి ఉన్న పాత తెరచాప విప్పి, చిరుగులు కుట్టడం మొదలుపెట్టాను. చెయ్యి ముందే నిర్ణయం తీసేసుకుంది.

కూర్మారావు పక్కన కూర్చుని రెండో సూది అందుకున్నాడు. కాసేపయ్యాక, "డబుల్ కుట్టు వెయ్యి. మూడొందల ఎనభై కిలోలంటన్నావు" అన్నాడు.

నమోదు 65

సముద్రం పలకలా ఉన్న పొద్దు చూసుకుని మొదలుపెట్టాం.

ఆరుగురు దిగుతారనుకున్నాను. తెప్ప మీది పన్నెండు కుటుంబాలూ దిగాయి. దుర్గులు పెద్దమ్మ ముందు తన రుబ్బురోలు దింపించింది. "నా మొగుడు బతికున్న కాలంలో కూడా ఇదే మా ఇంట్లో బరువైంది" అంటే పడవల్లో అందరూ నవ్వారు. బియ్యం బస్తాలు, నీళ్ళ పీపాలు, ఇనప మంచాలు, ఎవరిదో కుట్టుమిషను, అన్నీ పడవల్లోకి వెళ్ళాయి. ఏడో తెప్ప తేలికై ఎర్రగీత నీటి మీద జానెడు ఎత్తుకి లేచింది. అంత ఎత్తున దాన్ని నేనెప్పుడూ చూడలేదు.

కూర్మారావూ మరో ఇద్దరు ఈతగాళ్ళూ నీటావు పొట్ట కిందికి తెరచాప తోశారు. తాళ్ళు కప్పీ కొక్కేనికి తగిలించారు. కప్పీ చక్రం తిప్పడానికి మామూలుగా నలుగురు కావాలి. నలుగురిని పైన ఉంచితే ఆ మేరకు మళ్ళీ బరువే. చక్రం దగ్గర నేనొక్కదాన్నే నిలబడ్డాను.

తాతారావు తెప్ప మీదే ఉన్నాడు. చేతిలో తాళ్ళు కోసే కత్తి.

"గీత ములిగితే కోసేస్తాను డాక్టరుగారూ. అది నా పని."

"కొయ్యండి. తిప్పడం నా పని."

తిప్పాను. సంఘం ఎక్కువని రాసిన పద్దెనిమిది కిలోలూ చక్రం మీద వేసి తిప్పాను. తాడు బిగుసుకుంది, దూలం మూలిగింది. ముందు వీపు వచ్చింది, తర్వాత తల, ఆఖరికి నీళ్ళు కారుతూ తోక. నీళ్ళలో ఎప్పుడూ సగమే చూసిన శరీరం పూర్తిగా గాలిలోకి లేచేసరికి పడవల్లో కూర్చున్నవాళ్ళు నిలబడ్డారు. బూడిదరంగు, నున్నటి పెద్ద పీపాలా ఉంది. చెవులు లేవు, ఆ స్థానంలో సూదిమొన దూరేంత చిల్లులు. గచ్చకాయంత కళ్ళు. ఎవరో పిల్ల, "అంత పెద్దదానికి అంత చిన్న కళ్ళేటే అమ్మా!" అంది.

దూలాన్ని తిప్పి తడిపిన పరుపుల వైపు తెస్తుంటే తెప్ప ఆ అంచుకి ఒరిగి కుంగింది. నీళ్ళు పలకల సందుల్లోంచి చిమ్మాయి. పడవలోంచి ఎవరో అరిచారు, "గీత! గీత!"

తాతారావు అంచున వంగి చూశాడు. ఎర్రగీత వేలెడు లోతున ములిగింది. బరువంతా ఒక్క అంచునే పడుతుందని, తడిపిన పరుపుల బరువూ అక్కడే ఉందని నేను లెక్కలో వెయ్యలేదు.

అతను లేచి తాడు దగ్గరికి వచ్చాడు. కత్తి తాడు మీద పెట్టాడు. నేను చక్రం వదల్లేదు. నీటావు ఇంకా అంచు దగ్గరే మోకాలెత్తున వేలాడుతోంది, తాడు తెగితే తిరిగి నీళ్ళలోకే. దాని ముక్కు రంధ్రాలు, అవి మూతి పైనే ఉంటాయి, మూతల్లా తెరుచుకుని ఒక్కసారి బుస్సుమని ఊపిరి వదిలాయి. ఆ తుంపర అతని చొక్కా మీద పడింది.

"తెప్ప మీద ఉన్నది మనమిద్దరమే, తాతారావుగారూ" అన్నాను. "నేను దిగితే సూది వేసే వాళ్ళు లేరు."

అతను నన్ను చూశాడు, గీతని చూశాడు. పెదాలు కదులుతున్నాయి. లెక్క కడుతున్నాడని అర్థమైంది. కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేను ఒప్పుకున్నట్టు కాదు. గీత ములిగింది, నేను దిగితే అరవై నాలుగు కిలోలు తగ్గుతాయి, అందుకని దిగుతున్నాను. అంతే." చెప్పులు విప్పి, నిచ్చెన మీదుగా పడవలోకి దిగాడు.

గీత నీళ్ళలోంచి బయటికొచ్చింది. తడిసి మెరిసింది. నేను నీటావుని పరుపుల మీదికి దించాను.

పడవలోంచి అతని గొంతే వినబడింది. "దుర్గులు పెద్దమ్మ బరువు ముప్పై ఎనిమిది. ఆవిడ ఎక్కొచ్చు. నీళ్ళు పోయడానికి ఒక మనిషి కావాలి కదా."

పెద్దమ్మ ఎక్కి చెంబుతో ముంచి ముంచి వీపు తడిపింది. నీళ్ళలో బరువు తెలియని ఒళ్ళు పలకల మీద తన బరువుకి తానే నలిగిపోతుంది. త్వరగా పని కానివ్వాలి. వెన్ను పక్కన వేళ్ళతో సందు వెతికాను. గట్టి ఎముక, మెత్తటి సందు, మళ్ళీ గట్టి ఎముక. మత్తు వేసి సూది దించాను. ఈసారి ఒళ్ళు కదల్లేదు. సూది లోపలికి దిగగానే సైకిలు ట్యూబు వాల్వు వదిలినట్టు గాలి వచ్చింది. పెద్ద సిరంజితో లాగాను, వదిలాను, లాగాను. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. ఎడమ వీపు కొట్టి చూస్తే కుండ మోత తగ్గింది.

"ఏడుత్తందే అమ్మీ" అంది పెద్దమ్మ. దాని కళ్ళ కింద చిక్కటి నీరు జారుతోంది.

"కన్ను ఎండకుండా జిగురు ఊరుతోంది పెద్దమ్మా."

"మరి నీ కళ్ళకేటి ఊరుతంది?"

నేను తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు.

కాసేపటికి మళ్ళీ కొట్టి చూశాను. మళ్ళీ కుండ మోత. ఊపిరితిత్తి చిల్లు ఇంకా పూడలేదు, తీసినంత గాలీ తిరిగి నిండుతోంది. సన్నటి గొట్టం ఎక్కించి, రెండో కొసని బకెట్టు నీళ్ళలో ముంచాను. నీటావు ఊపిరి వదిలినప్పుడల్లా బకెట్టులో బుడగలు. బుడగలు ఆగేదాకా దాన్ని దించకూడదు. అంటే ఇవాళ కాదు.

పడవల వైపు తిరిగి ఆ మాటే చెప్పాను. రేపటిదాకా ఎవరూ ఎక్కడానికి లేదు. వేరే తెప్పల మీదికి పోదామన్నా చోటు లేదు, అక్కడా గీతలే. ఎవరైనా తిడతారనుకున్నాను. ఎవరో పొయ్యి వెలిగించడానికి అగ్గిపెట్టె అడిగారు. ఒక పడవలోంచి ఇంకో పడవలోకి అన్నం గిన్నె మారింది.

కూర్మారావు నీళ్ళలోనే ఉన్నాడు. తల్లి కోసం తెప్ప చుట్టూ తిరుగుతున్న పిల్లకి తోడుగా ఈదుతున్నాడు. అది ఆయన దగ్గరికొచ్చి, చంకలో మూతి దూర్చి పాల కోసం వెతికింది. "ఓసి నీ అమ్మ కడుపు మాడ, నా దగ్గరేటున్నాదే నీకు!" అని ఆయన గిలిగింతలకి మెలికలు తిరుగుతుంటే పడవల్లో పన్నెండు కుటుంబాలూ పగలబడి నవ్వాయి. తాతారావు మొహం అటు తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం కదిలాయి.

నమోదు 66

పొద్దున బుడగలు లేవు. చాలాసేపు చూశాను. నీటావు బుస్సుమని వదిలింది, పీల్చింది, బకెట్టులో నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. గొట్టం తీసి, గాయం కుట్టి, పైన తారు రాశాను.

దించేటప్పుడు చక్రం వదలడం కష్టం, పట్టు జారితే పడిపోతుంది. నా అరచేతుల తోలు చక్రానికే అంటుకుపోయింది. తెరచాప నీళ్ళని తాకగానే ఈతగాళ్ళు పక్కలు విప్పేశారు. అది కాసేపు అలాగే ఉంది, వీపు పైకి, ఏ పక్కకీ ఒరగకుండా. ముక్కు మూతలు మూసుకుంది. తోక ఒక్కసారి ఎత్తి, చీలిక రెండు వైపులా సమానంగా నీళ్ళు జార్చి, దిగిపోయింది. రాయిని వదిలినట్టు దిగింది. ఎవరికి బరువెక్కువనిపిస్తే వాళ్ళని అనుకోనీ. ఆ ఎముకలు అంత బరువుండాలి. అంతకి ఒక్క కిలో తక్కువైనా దానికి తిండి అందదు.

కూర్మారావు వెంబడి దిగి చూసొచ్చాడు. "మేత్తంది మరిడీ. గడ్డిలో నాగలి చాలు తీసినట్టు దారి పెట్టుకుంటా పోతంది. ఎనక పిల్ల."

అందరూ తెప్పెక్కారు. తాతారావు ఆఖరున ఎక్కి, గీత చూసి, వెళ్ళిపోయాడు.

నమోదు 67

సంఘం పిలిచింది. అధ్యక్షురాలు మర్యాదగానే కూర్చోమంది.

"మీ వల్ల ఒక తెప్ప మొత్తం ఒక పగలు, ఒక రాత్రి పడవల్లో గడిపింది. గాలివాన వచ్చి ఉంటే?"

"వాతావరణం చూసుకునే ఎత్తాం. గాలివాన వచ్చేలా ఉంటే ఎత్తేవాళ్ళం కాదు."

"నియమం దాటారు. మళ్ళీ ఇలాంటి జంతువు వస్తే?"

"మళ్ళీ ఎత్తుతాను. మీ సరుకు పడవ గడ్డి మీదుగా వెళ్ళినంత కాలం ఇలాంటివి వస్తూనే ఉంటాయి. పడవ దారి మారిస్తే నాకీ పని తప్పుతుంది."

అధ్యక్షురాలు తాతారావుని అడిగింది. గీత ములిగిందా?

"ములిగింది, వేలెడు" అన్నాడు. "నేను దిగాక తేలింది. డాక్టరుగారు నియమం దాటారు, శిక్ష వెయ్యండి. దాంతోపాటు నాకూ వెయ్యండి. తాడు కొయ్యాల్సిన కత్తి నా చేతిలోనే ఉంది. కొయ్యలేదు." కాస్త ఆగి, "ఇంకొకటి. గీత ఉన్నది తెప్పకి. డాక్టరుగారు ఎనభై ఎనిమిది ఉన్నా, వాళ్ళాయన యాభై ఒకటి ఉన్నా గీతకి తెలీదు. నేను ఇన్నాళ్ళూ మనుషుల్ని తూచాను. తొమ్మిదో తెప్ప మీద ఉన్న మనుషులెవరూ లావు కాదు. దిగమంటే దిగేవాళ్ళు లేకపోయారు, అంతే" అన్నాడు.

అధ్యక్షురాలు తీర్పు చదివింది. నా ఉద్యోగం రద్దు. వచ్చే సరుకు పడవలో మెట్టకి ప్రయాణం. పడవ దారి సంగతి తర్వాత ఆలోచిస్తారట.

ఇంటికొచ్చాక కూర్మారావు తన బట్టలు కూడా మూట కట్టడం చూశాను.

"ఎందుకు బావా?"

"నువ్వెల్తే నేనుండనేటి?"

"నేను వెళ్తానని ఎవరన్నారు?" మూట విప్పేసి, చొక్కాలు మళ్ళీ దండేనికి తగిలించాను.

నమోదు 68

ఇవాళ సరుకు పడవ వచ్చింది.

అది వచ్చేసరికి నేను దుర్గులు పెద్దమ్మ మేక దగ్గర ఉన్నాను. పిల్ల అడ్డం తిరిగి తల్లి పొద్దుటి నుంచీ నొప్పులు పడుతోంది. మోచెయ్యి దాకా లోపల పెట్టి, పిల్ల వెనక కాలు వెతుకుతున్నాను.

పడవ మనిషి మెట్టు దగ్గర నిలబడి అరిచాడు. "మరిడమ్మ డాట్రు ఎవరు? మెట్టకి ఎక్కాలి!"

అప్పగించడానికి తాతారావు రావాలి. ఒంట్లో బాగోలేదని కబురు పంపాడట. నిన్న సాయంత్రం చేపలు కొంటూ కనబడ్డాడు, బాగానే ఉన్నాడు.

ఏడో తెప్ప జనం మెట్ల మీద కూర్చున్నారు. ఎవరో చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు, ఎవరో వల బాగుచేసుకుంటున్నారు. ఎవరూ అతనికి అడ్డం పడలేదు. దారి కూడా ఇవ్వలేదు.

"ఏటమ్మా, ఎక్కుతావా నేదా? నేనింకా నాలుగు తెప్పలు తిరగాల!"

కాలు దొరికింది. జారకుండా రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాను.

"ఎక్కను!" అని లోపల్నుంచే అరిచాను.

"ఎక్కనంటే ఎలాగ? కాయితంలో ఉన్నాది!"

"కాయితాన్ని తీసుకుపో! నేనిక్కడ పనిలో ఉన్నాను!"

కూర్మారావు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన ఒంటి నీడ నా మీద పడనంత సన్నగా ఉంది గాని, ఆయన కదల్లేదు. తర్వాత మోటారు చప్పుడు మొదలైంది. దూరమైంది. గడ్డి మీదుగా కాదు, చుట్టూ తిరిగి పోతోందని చప్పుడును బట్టి తెలిసింది. సంఘం చెప్పిందో, మెట్ల మీద వాళ్ళే ఎవరైనా చెప్పారో అడగాలి.

రెండో కాలు కూడా దొరకబుచ్చుకుని, నొప్పితోపాటు మెల్లగా లాగాను. భుజం మీద బలం వేసి లాగాను. పిల్ల ఒక్కసారిగా నా ఒళ్ళోకి జారింది. ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పితే తుమ్మింది. పెద్దమ్మ చప్పట్లు కొట్టింది.

పుట్టిన ప్రతి ప్రాణినీ తూచి, బరువు ఈ పుస్తకంలో రాయాలని నియమం. ఆడది, నల్లమచ్చలది, కాళ్ళ మీద నిలబడింది. అంతవరకే రాశాను.